పాత సినిమా చూడమంటే సరిపోదు, ఏ కాపీనో కూడా చెప్పాలి

విశాఖలో దారి చెప్పాలంటే సినిమా హాలు పేరు రాక తప్పదు. జగదాంబ జంక్షన్‌కి ఆ పేరు థియేటరు వల్లే వచ్చింది. పూర్ణా మార్కెట్‌దీ అదే కథ. అలాంటి ఊళ్ళో పుట్టి పెరిగి, ఇప్పుడు మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఒక ఆదివారం రీ-రిలీజ్ ఆట చూసొచ్చి అడిగాడు: "మావయ్యా, వీళ్ళు పోకిరిని క్లాసిక్ అంటున్నారు. నువ్వు మాయాబజార్‌ని క్లాసిక్ అంటావు. ఇంతకీ క్లాసిక్ అంటే ఏటి?"

వెంటనే జవాబు దొరకలేదు. 2022లో పోకిరి మళ్ళీ హాళ్ళలోకి వచ్చినప్పటినుంచి, హీరోల పుట్టినరోజులకి పాత సినిమాలు తిరిగి వేయడం రివాజైపోయింది. 2025లో ఆదిత్య 369, జగదేకవీరుడు అతిలోకసుందరి కూడా వచ్చాయి. పోస్టర్ల మీద 4కె అనీ, రీమాస్టర్డ్ అనీ, డిజిటల్ అనీ ఉంటుంది. మరోపక్క మా తరంవాళ్ళు పిల్లలకి యూట్యూబ్ లింకులు పంపించి "చూడరా, అద్భుతం" అంటారు. వాళ్ళు పది నిమిషాలు చూసి ఆపేస్తారు. మేం నిట్టూరుస్తాం, వాళ్ళు నవ్వుకుంటారు.

ఈ వ్యవహారంలో మూడు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయని నాకు ఆలస్యంగా అర్థమైంది. ఏ సినిమా? ఏ కాపీ? ఎవరికి? మనం మొదటి ప్రశ్న గురించి గంటలకొద్దీ వాదించుకుంటాం. రెండోది అసలు గుర్తే రాదు. పిల్లలకి పాత సినిమా నచ్చలేదని మనం అనుకునే సందర్భాల్లో చాలాసార్లు వాళ్ళకి నచ్చనిది మనం పంపిన కాపీ.

ఒకే మాటలో మూడు అర్థాలు

'క్లాసిక్' అనే మాటని మనం మూడు రకాలుగా వాడతాం. ఏ అర్థంలో వాడుతున్నామో చెప్పం, అందుకే గొడవ.

ఒకటి, జనం వదలని సినిమా. గుండమ్మ కథ 1962లో వచ్చింది. అది ఎన్‌టీఆర్‌కి నూరో సినిమా, ఏఎన్నార్‌కి తొంభై తొమ్మిదోది. ఈ లెక్కలు తెలియనివాళ్ళు కూడా గయ్యాళి అత్త అనగానే సూర్యకాంతం పేరే చెబుతారు. టీవీలో ఎప్పుడు వేసినా ఇంట్లో ఎవరో ఒకరు ఆగి చూస్తారు. ఈ అర్థంలో పోకిరిని క్లాసిక్ అనేవాళ్ళని తప్పుపట్టలేం. కాకపోతే అది 2006 సినిమా, పరీక్షకి ఇంకా టైముంది.

రెండు, చరిత్రలో మలుపు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన మాలపిల్లలో బ్రాహ్మణ యువకుడు హరిజన యువతిని ప్రేమిస్తాడు. ఆ రోజుల్లో తెర మీద అలాంటి కథ చెప్పడమే పెద్ద సంగతి. కానీ ఈ రోజు కూర్చుని చూసేవాడికి ఆ నడక, ఆ పాటల సంఖ్య, ఆ శబ్దం కష్టంగానే ఉంటాయి. చరిత్రలో ముఖ్యమైనదల్లా సాయంత్రం కాలక్షేపానికి పనికిరావాలని లేదు.

మూడు, పనితనం. కథ తెలిసినా సరే, సీను ఎలా పేర్చారు, మాట ఎలా పడింది, వెలుగు ఎక్కణ్ణుంచి వచ్చింది అని మళ్ళీ చూడాలనిపించేవి. మల్లీశ్వరి (1951) ఈ వరుసలో ముందుంటుంది.

మాయాబజార్ (1957) మూడు అర్థాల్లోనూ నెగ్గుతుంది కాబట్టి ఏ జాబితా రాసినా పైనుంటుంది. మిగతా చాలా సినిమాలు ఏదో ఒకదాంట్లోనే నెగ్గుతాయి. 'తెలుగులో చూసితీరాల్సిన వంద సినిమాలు' లాంటి జాబితాలు కొత్తవాళ్ళని విసిగించేది ఇందుకే. అందులో రెండో రకం, మూడో రకం పక్కపక్కనే ఉంటాయి, ఏది ఏ రకమో ఎవరూ చెప్పరు.

ఉప్పుగాలి, సిర్కా వాసన

సినిమా అంటే మనకి కథ, పాటలు, నటులు. దాన్ని దాచేవాళ్ళకి మాత్రం అది ఒక వస్తువు. పాడయ్యే వస్తువు.

కెమెరాలో తిరిగిన ఫిల్ముని కడిగితే వచ్చేది నెగెటివ్. అందులో తెలుపు నల్లగా, నలుపు తెల్లగా ఉంటుంది. దాని నుంచి హాళ్ళకి పంపే ప్రింట్లు తీస్తారు. నెగెటివ్ అరిగిపోకుండా దాన్నుంచి డూప్ నెగెటివ్ చేసి, ప్రింట్లు దాంతో తీయడమూ ఉంది. ఒక్కో తరం దిగేకొద్దీ బొమ్మలో వివరం కొంత పోతుంది. జిరాక్సుకి జిరాక్సు తీసినట్టు.

1950ల మొదటి వరకు వాడిన ఫిల్ము నైట్రేట్‌ది. అది సులువుగా అంటుకుంటుంది. పుణేలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ నైట్రేట్ రీళ్ళు దాచిన చోట 2003లో మంటలు లేచి ఎన్నో పాత రీళ్ళు కాలిపోయాయి. తర్వాత వచ్చిన అసిటేట్ ఫిల్ము అలా మండదు. కానీ వేడికి, తేమకి లోపల్లోపలే కుళ్ళుతుంది. డబ్బా మూత తీస్తే సిర్కా వాసన కొడుతుంది. ఆ జబ్బుకి ఇంగ్లీషులో పేరే 'వినెగర్ సిండ్రోమ్'. రీలు కుంచించుకుపోతుంది, మెలికలు తిరుగుతుంది, చివరికి మిషనులో పట్టదు.

బీచ్ రోడ్డు వైపు ఇల్లున్నవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. కిటికీ గ్రిల్స్‌కి ఏడాదికోసారి రంగు వేయించినా తుప్పు ఆగదు కదా! మన పాత తెలుగు సినిమాలు ఎక్కువభాగం తయారైంది, కడిగింది, దాచింది మద్రాసు ల్యాబుల్లో. అదీ సముద్రం ఒడ్డే, అదీ వేడి ఊరే. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరైనా అడుగుతారని నిర్మాతలు అనుకోలేదు. టీవీ లేదు, క్యాసెట్ లేదు. హాళ్ళలో ఆడటం అయిపోయాక ఆ డబ్బాలు అద్దె ఖర్చు తప్ప మరేమీ కాదు. పాత రీళ్ళలో వెండి ఉంటుంది కాబట్టి కరిగించి అమ్ముకున్నవాళ్ళూ ఉన్నారు.

అందుకే మన మొదటి పూర్తి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద (1932) ఇవాళ చూడటానికి లేదు. ఇంకో సంగతి మన ఊరివాళ్ళలోనే చాలామందికి తెలియదు. 1930ల రెండో సగంలో విశాఖలోనే ఆంధ్రా సినీటోన్ అని ఒక స్టూడియో ఉండేది. భక్త జయదేవ (1938) తీసింది వాళ్ళే. ఇక్కడ సినిమా పరిశ్రమ రావాలని ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం గానీ, అది ఒకసారి వచ్చి వెళ్ళిపోయింది కూడా.

4కె, రీమాస్టర్, రెస్టొరేషన్: పోస్టరు మీద మాటల లెక్క

ఈ మూడింటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తున్నారు. నిజానికి ఇవి వేరువేరు పనులు.

రెస్టొరేషన్ అంటే మరమ్మతు. దొరికినవాటిలో మంచి నెగెటివ్‌నో, ప్రింటునో వెతకాలి. చిరుగులు అతికించాలి, కడగాలి, ఒక్కో ఫ్రేమునీ స్కాన్ చేయాలి. సెకనుకి 24 ఫ్రేములు కాబట్టి మూడు గంటల సినిమాకి 2,59,200 ఫ్రేములు. వాటి మీద గీతలు, దుమ్ము, వెలుగులో అదురు తీసేయాలి, శబ్దం శుభ్రం చేయాలి. ఒక రీలు పూర్తిగా పాడైతే మరో ప్రింటులోంచి ఆ ముక్క తెచ్చి అతకాలి.

రీమాస్టర్ అంటే చేతిలో ఉన్న కాపీకి మెరుగు పెట్టడం. రంగు, కాంతి, శబ్దం సరిచూసి ఇప్పటి తెరలకి తగ్గట్టు కొత్త మాస్టరు తయారుచేస్తారు. వెతుకులాట, అతుకుల పని ఇందులో ఉండాలని లేదు.

4కె మాత్రం పని పేరు కాదు, కొలత. బొమ్మలో నిలువుగా 2,160 గీతలుంటాయని చెబుతుంది, అంతే. ఆ గీతలు ఎక్కణ్ణుంచి వచ్చాయన్నదే అసలు ప్రశ్న.

ఒక లెక్క చూద్దాం. 35 ఎం.ఎం. నెగెటివ్ బాగుంటే అందులో 4కెకి సరిపడా వివరం ఉంటుంది, కాబట్టి స్కాను నిజంగానే కొత్త కళ తెస్తుంది. కానీ నెగెటివ్ దొరక్క, టీవీ రోజుల్లో చేసిన టేపు మాత్రమే ఉందనుకోండి. ఆ టేపులో ఉండేవి 576 గీతలే. 2,160ని 576తో భాగిస్తే 3.75. అంటే తెర మీద ప్రతి పదిహేను గీతల్లో నాలుగే అసలువి, పదకొండు కంప్యూటరు ఊహించి పూరించినవి. పోస్టరు మీద రెండింటికీ 4కె అనే రాయొచ్చు. అబద్ధం కాదు. ముఖాలు మైనపు బొమ్మల్లా నున్నగా, జుట్టు ఒకే ముద్దగా కనిపిస్తే రెండో రకం అయ్యుంటుందని అనుమానించవచ్చు. గరుకు తీసేయడానికి నొక్కిన నొక్కుడుకి చర్మం కూడా పోతుంది.

మంచి పనీ జరుగుతోంది. 2022లో కేంద్ర ప్రభుత్వం దేశం మొత్తమ్మీద 2,200 సినిమాల రెస్టొరేషన్‌కి 363 కోట్లు ప్రకటించింది. 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి దేవదాసు, మిస్సమ్మ, మాయాబజార్, ప్రేమ్ నగర్ సహా పది సినిమాలను దేశంలో చాలా నగరాల్లో హాళ్ళలో వేశారు. పాత సినిమాను పదిమందితో చీకట్లో కూర్చుని చూడటం వేరు, ఫోన్లో చూడటం వేరు. ఇంటి దగ్గర నవ్వని చోట హాల్లో నవ్వొస్తుంది.

పదహారు రీళ్ళ సినిమా రెండున్నర గంటలే ఎందుకుంది?

మా నాన్నగారి తరం సినిమా నిడివిని నిమిషాల్లో చెప్పేవారు కాదు. "పదహారు రీళ్ళ సినిమా" అనేవారు. సెన్సారు సర్టిఫికెట్ల మీద కూడా అడుగుల్లోనో మీటర్లలోనో ఉండేది. ఆ లెక్క ఇప్పటికీ పనికొస్తుంది, ఎలాగంటే:

35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రీలు సుమారు వెయ్యి అడుగులు, అంటే పదకొండు నిమిషాల పైచిలుకు. పదహారు రీళ్ళు, 16,000 అడుగులు. 90తో భాగిస్తే 178 నిమిషాలు. ఇప్పుడు నెట్లో అదే సినిమా 148 నిమిషాలుందంటే, అరగంట ఎక్కడికో పోయింది.

ఎక్కడికి? కొంత హాళ్ళలోనే పోయింది. రెండో విడత, మూడో విడత ఆటలకి తిరిగిన ప్రింట్లు తెగిపోయేవి, ఆపరేటరు అతికించేవాడు, అతుకు దగ్గర నాలుగు మాటలు ఎగిరిపోయేవి. కొంత వీసీడీలు తినేశాయి. ఒక వీసీడీలో 74 నుంచి 80 నిమిషాలే పడుతుంది. రెండు డిస్కుల్లో సర్దాలంటే 160 నిమిషాలు దాటకూడదు. మూడో డిస్కు ఖర్చు ఎందుకని పాటో, హాస్య సన్నివేశమో లేపేసినవి చాలానే వచ్చాయి. తర్వాత ఆ వీసీడీ కాపీనే ఎవరో నెట్లో పెడతారు. అదే అసలు సినిమా అనుకుని కొత్తవాళ్ళు చూస్తారు. "కథ మధ్యలో ఏదో జంప్ అయిపోయింది" అంటారు. నిజమే, అయింది!

తగ్గినంత మాత్రాన కోత పడిందని మాత్రం తీర్మానించకూడదు. ఇక్కడో చిక్కుంది. ఫిల్ము సెకనుకి 24 ఫ్రేములు, మన పాత టీవీ పద్ధతి 25. టీవీకి మార్చేటప్పుడు ఆ ఒక్క ఫ్రేము తేడాకి సినిమా నాలుగు శాతం వేగంగా నడుస్తుంది. 180 నిమిషాల సినిమా ఒక్క సీనూ కోయకుండానే 173 నిమిషాల్లో అయిపోతుంది. గొంతు కూడా పైకి వెళ్తుంది, ఇంచుమించు అర స్వరం. రికార్డులో విన్న ఘంటసాల పాట టీవీలో కాస్త హెచ్చు శ్రుతిలో వినిపిస్తోందే అని అనుమానం వచ్చినవాళ్ళుంటే, చెవి బాగానే ఉందని అర్థం. కాబట్టి ఏడెనిమిది నిమిషాల తేడాకి కంగారుపడక్కర్లేదు. ఇరవై, ముప్ఫై అయితే అది కోతే.

తెరకి రెండు పక్కలా నల్లటి పట్టీలు

మిస్సమ్మ చూడమని మా వాడికి ఒక శుభ్రమైన కాపీ చూపించాను. పెద్ద టీవీలో పెట్టగానే, "ఏటి మావయ్యా, తెర సగమే వస్తోంది?" అని రిమోట్ తీసుకుని జూమ్ నొక్కేశాడు. తెర నిండింది. పాత్రల నెత్తులు, గడ్డాలు పోయాయి.

అప్పటి తెర కొలత వేరు. ఎత్తు ఒకటైతే వెడల్పు 1.37. ఇప్పటి టీవీలో 1.78. పాత బొమ్మను మొత్తం చూపించాలంటే పక్కల ఖాళీ వదలాల్సిందే. ఖాళీ లేకుండా నింపాలంటే పైనా కిందా కోయాలి. 1.37ని 1.78తో భాగిస్తే 0.77. అంటే బొమ్మలో 23 శాతం, దాదాపు నాలుగో వంతు, కత్తెరకి పోతుంది. ఇక పక్కలకి సాగదీస్తే అందరూ పొట్టిగా లావుగా కనిపిస్తారు. నెట్లో ఉన్న చాలా కాపీలు 'హెచ్‌డీ' అనిపించుకోవడానికి ఈ రెండింట్లో ఏదో ఒకటి ముందే చేసి పెట్టినవి. వాటిని మనం సరిచేయలేం.

1970లలో కథ తిరగబడింది. 1974లో అల్లూరి సీతారామరాజుతో తెలుగులో సినిమాస్కోప్ వచ్చింది. వెడల్పు 2.35. ఈసారి పాత డబ్బా టీవీల్లో పట్టించడానికి పక్కలు కోశారు. చింతపల్లి ప్రాంతంలో, మన మన్యంలోనే తీసిన ఆ కొండలూ అడవీ ఏళ్ళ తరబడి టీవీలో సగమే కనిపించాయి. ఆ సినిమా అంటే మాటలే గుర్తున్నాయి, దృశ్యం గుర్తు లేదనేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. వాళ్ళు చూసింది టీవీలో మరి.

మాయాబజార్‌కి రంగులు: తేలని వాదన

2010 జనవరిలో మాయాబజార్ రంగుల్లో వచ్చింది. హైదరాబాదు సంస్థ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ చేసిన పని అది. అప్పట్నుంచీ రెండు పక్షాలు.

కావాలనేవాళ్ళ మాటలో బలముంది. ఆ రోజుల్లో నలుపు తెలుపు చాలావరకు ఖర్చు తెచ్చిన నిర్ణయం. తెలుగులో పూర్తి రంగుల సినిమా లవకుశ రావడానికి 1963 దాకా పట్టింది, అది కూడా మధ్యలో డబ్బు అందక ఏళ్ళ తరబడి ఆగి పూర్తయింది. స్తోమత ఉంటే దర్శకుడు కె.వి.రెడ్డి రంగుల్లో తీసేవారు కాదా అని వీళ్ళు అడుగుతారు. పైగా రంగులు వేసే మిషతో బొమ్మ, శబ్దం శుభ్రమయ్యాయి, హాళ్ళు నిండాయి, పిల్లలు చూశారు.

వద్దనేవాళ్ళూ గట్టిగానే మాట్లాడతారు. కెమెరా పట్టిన మార్కస్ బార్‌ట్లీ వెలుగుని నలుపు, తెలుపు, వాటి మధ్య బూడిద ఛాయల కోసం అమర్చాడు. 'లాహిరి లాహిరి లాహిరిలో' పాటలో వెన్నెల ఆ ఛాయల్లోనే ఉంది. దాని మీద నీలం పూస్తే అది వెన్నెలలా కాక పెయింటులా ఉంటుందని వీళ్ళ బాధ. పైగా రంగుల కాపీలో నిడివి కూడా తగ్గించారు. అలా చూసినవాళ్ళు మాయాబజార్ మొత్తం చూసినట్టేనా?

నా మట్టుకు నేను రెండో పక్షం వైపే మొగ్గుతాను. కానీ మా అక్క కూతురు పదేళ్ళప్పుడు రంగుల్లో చూసి, కాలేజీకొచ్చాక నలుపు తెలుపుది వెతుక్కుని చూసింది. ఆ వరుస తిరగేస్తే అసలు చూసేదా అంటే చెప్పలేను.

నలుపు తెలుపు అంటే పేదరికమే అన్న వాదనకి మన ఊరి దగ్గరే ఒక ఎదురు ఉదాహరణ ఉంది. 1978 నాటికి రంగులు మామూలైపోయాయి. అయినా బాలచందర్ మరో చరిత్రని నలుపు తెలుపులోనే తీశాడు. విశాఖ, భీమిలి తీరాల్లో, ఆ ఇసుకలో, ఆ మెట్లమీద. తెలుగు మాటలతోనే, డబ్బింగ్ లేకుండా అది మద్రాసులో ఏడాది దాటి ఆడింది.

అరవై ఏళ్ళ లెక్క, దాని కింద ఇంకో లెక్క

పాత సినిమాలు ఎవరైనా నెట్లో పెట్టేస్తున్నారే, హక్కులుండవా అని మావాడి ఇంకో అనుమానం. మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకి రక్షణ విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు నుంచి అరవై ఏళ్ళు. మాయాబజార్ 1957లో వచ్చింది. లెక్క 1958 జనవరి 1న మొదలై 2017 డిసెంబరు 31తో అయిపోయింది. మూగమనసులు (1964) 2024తో అయింది. మరో చరిత్రకి 2038 దాకా ఉంది.

దీంతో అయిపోయిందనుకుంటే పొరపాటు. సినిమాకి ఉన్న హక్కు వేరు, అందులోని సాహిత్యానికి ఉన్న హక్కు వేరు. రచనకి రచయిత చనిపోయిన తర్వాత అరవై ఏళ్ళు. మాయాబజార్ మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు, అంటే ఆ లెక్క 2031 దాకా వెళ్తుంది. విశాఖలోనే పుట్టిన శ్రీశ్రీ 1983లో పోయారు. అల్లూరి సీతారామరాజుకి ఆయన రాసిన 'తెలుగు వీర లేవరా', జాతీయ అవార్డు తెచ్చుకున్న పాట, 2043 దాకా.

చట్టం కన్నా పెద్ద తాళం ఇంకోటుంది. హక్కు తీరిపోయినా నెగెటివ్ ఎవరి బీరువాలో ఉందో వాళ్ళు తీసి ఇస్తేనే మంచి కాపీ వస్తుంది. ఇవ్వాలని ఏ చట్టమూ చెప్పదు. నిర్మాత ఒకప్పుడు నెగెటివ్ హక్కులు ఒకరికి, టీవీ హక్కులు ఇంకొకరికి, వీడియో హక్కులు మరొకరికి అమ్ముకుని ఉంటాడు. కొన్నవాళ్ళు మళ్ళీ అమ్ముకుంటారు. ఇన్ని చేతులు మారిన సినిమాకి బాగుచేయించే ఖర్చు ఎవరూ పెట్టరు, ఎందుకంటే లాభం ఎవరికి పోతుందో తెలియదు. ఓటీటీలో నిన్న కనిపించిన పాత సినిమా ఇవాళ మాయమైతే ఎక్కువగా ఒప్పందం గడువు తీరడమే కారణం.

కొత్తవాళ్ళకి ముందు ఏది: గొప్పదా, సులువైనదా?

ఇక మూడో ప్రశ్న. ఇందులో కూడా రెండు పద్ధతులున్నాయి. ఒకరు, మొదటిసారే గొప్పది చూపించాలి, లేకపోతే పాత సినిమా అంటే ఇంతే అనుకుంటారు అంటారు. రెండోవాళ్ళు, ముందు అలవాటైన రుచి ఉన్నది పెట్టి, నాలుక కుదిరాక గొప్పది వడ్డించాలి అంటారు.

నేను మొదటి పద్ధతిలో దెబ్బతిన్నాను. మావాడికి దేవదాసు (1953) పెట్టాను. గొప్పదే, కాదనను. కానీ వాడు రోజంతా ఆఫీసు టెన్షన్‌లో ఉండి వచ్చాడు. రెండున్నర గంటలకి పైగా ఒకడు తాగి కుంగిపోతుంటే చూడమన్నాను. నలభై నిమిషాలకి నిద్రపోయాడు. అది వాడి తప్పా, నా తప్పా?

రెండో ప్రయత్నం మిస్సమ్మ (1955). ఉద్యోగం లేని ఇద్దరు డిగ్రీ చదివినవాళ్ళు, భార్యాభర్తలకే ఇస్తామన్న టీచరు ఉద్యోగాల కోసం పెళ్ళయినట్టు నటిస్తారు. ఈ ఒక్క వాక్యం చెప్పగానే "ఫేక్ మ్యారేజ్ ప్లాటా!" అన్నాడు. ఇంక నేను 'దర్శకుడు ఎల్.వి.ప్రసాద్ మహానుభావుడు' అని ఉపన్యాసం ఇవ్వక్కర్లేకపోయింది. మాయాబజార్‌లో ప్రియదర్శిని పెట్టె కూడా అంతే. మూత తీస్తే దూరంగా ఉన్న ప్రియమైనవాళ్ళు కనిపిస్తారు అంటే, వీడియో కాల్ తరం వాళ్ళకి వేరే పరిచయం దేనికి?

గుమ్మం కథే కానక్కర్లేదు. మా మేనకోడలు సావిత్రి సినిమాల్లోకి వెళ్ళింది 2018లో వచ్చిన మహానటి చూసి. కొందరు పాటల దారిన వస్తారు. మా వీధిలో ఉన్న సంగీతం మాస్టారి శిష్యులు, పక్క విజయనగరంలో పుట్టిన సుశీల, అక్కడే సంగీతం నేర్చిన ఘంటసాల పాటలు నేర్చుకుంటూ, ఆ పాట ఏ సందర్భంలో వచ్చిందో చూద్దామని సినిమా పెట్టుకున్నవాళ్ళే. కొందరికి ఊరే గుమ్మం. మరో చరిత్ర చూస్తే కథ కన్నా ముందు "ఇది మన భీమిలి కదూ" అంటారు. నలభై ఏళ్ళకు పైబడిన తీరం, ఇప్పటి తీరం పోల్చుకుంటూ ఇరవై నిమిషాలు గడిచేసరికి కథ పట్టేస్తుంది.

ఈ గుమ్మాల పద్ధతికి లోపం లేకపోలేదు. అలవాటైనవాటి పోలికలే వెతుక్కుంటే, ఇప్పటివాటితో పోలిక లేని సినిమా ఎప్పటికీ చూడం. సుడిగుండాలు (1960ల చివర్లో అక్కినేని, ఆదుర్తి సుబ్బారావు ప్రయోగంగా తీసినది) ఏ గుమ్మంలోంచీ తేలిగ్గా కనిపించదు. అలాంటివాటికి మొదటి పద్ధతివాళ్ళ మొండితనమే కావాలి.

పాత విలువలు: చెప్పి చూపించాలా, చూపించి చెప్పాలా?

పాత సినిమాల్లో ఆడవాళ్ళని చెంపదెబ్బలతో దారిలో పెట్టడం, కులాన్నీ రంగునీ పట్టుకుని హాస్యం చేయడం ఉన్నాయి. ముందే చెప్పాలని కొందరంటారు, లేకపోతే పిల్లలు అదే సరైనదనుకుంటారనో, లేదా కోపం వచ్చి ఆపేస్తారనో. ముందే చెబితే సినిమా మొత్తం తప్పులు వెతకడంతోనే సరిపోతుంది, చూశాక మాట్లాడుకోవచ్చు కదా అని ఇంకొందరు.

మా అక్క ఎం.వి.పి. కాలనీ ఇంట్లో మిస్సమ్మ రెండోసారి, జూమ్ నొక్కకుండా, అందరం కలిసి చూసినప్పుడు ఈ గొడవే వచ్చింది. కథలో మేరీ క్రిస్టియన్ అమ్మాయి. హిందువైన హీరోకి ఇంకో మతం అమ్మాయితో కలిసి ఉండాల్సివచ్చిన తమాషాతోనే సినిమా అంతా నడుస్తుంది. చివరికి ఆమె తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మి అని తేలుతుంది. (డెబ్భై ఏళ్ళ సినిమా, ముగింపు చెప్పేశానని తిట్టకండి.)

"మేరీగానే ఉంచేయొచ్చు కదమ్మా, అప్పుడు నిజంగా ధైర్యం చేసినట్టుండేది" అంది మేనకోడలు.

"అలా ఉంచితే ఆ రోజుల్లో హాలు దగ్గర గొడవలైపోవూ? అంతసేపు మేరీగా ఉంచి, ఆ పిల్ల మీద జనానికి ఇష్టం పుట్టించారు, అది చాలదా?" అంది అక్క.

"పుట్టించి, చివర్లో వెనక్కి లాగేసుకున్నారు."

"నీకు ఇప్పుడు అలా అనిపిస్తోంది. మాకు అప్పుడు అనిపించలేదు."

మావాడు మధ్యలో దూరి, సావిత్రి కోపం వచ్చినప్పుడు చేసే ముఖం ఒక్కసారి వెనక్కి తిప్పి చూపించమన్నాడు. తిప్పాం. పెసరట్లు చల్లారిపోయాయి. వాదన పదకొండు దాటినా తెగలేదు.